తొమ్మిదో నంబరు చొక్కా: సింగరేణి సీఎండీ గారికి బహిరంగ లేఖ

సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

శ్రీరాంపూర్ నుంచి ఒక రిటైర్డు కార్మికుడు రాస్తున్నది.

సార్, పింఛను గురించో క్వార్టర్ గురించో రాస్తున్న ఉత్తరం కాదిది. అవన్నీ వేరే టేబుళ్ల మీద తిరుగుతున్నాయి, తిరగనివ్వండి. నేను రాసేది ఫుట్‌బాల్ గురించి. జట్టులో పదకొండు మంది ఉంటే వాళ్లలో తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కునే ఒక్క మనిషి గురించి.

2025 డిసెంబర్ 13 సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు ఇరుగుపొరుగుతో కలిపి పదకొండు మందిమి కూర్చున్నాం. లెక్కపెట్టి నవ్వుకున్నాం, ఒక జట్టు అయ్యామని. హైదరాబాద్‌లో ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చిన రోజది. వెంట సువారెజ్, డి పాల్ కూడా ఉన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు 9వ నంబరు చొక్కాతో దిగి ఆడారు, గోల్ కూడా కొట్టారు. ఆయన జట్టు పేరు చెప్పగానే మా మనవడు ఎగిరి గంతేశాడు. "తాతా, మన కంపెనీ!" అన్నాడు. ఆ జట్టు పేరు సింగరేణి ఆర్‌ఆర్ 9.

అబద్ధమెందుకు, ముందు నా ఛాతీ ఉప్పొంగింది. ముప్పై తొమ్మిదేళ్లు నా పే స్లిప్ మీద చూసుకున్న పేరు అది. ఆ పేరు మెస్సీ ఉన్న మైదానంలో మోగుతుంటే ఏ బాయి మనిషికి సంబరం కాదు? కాసేపటికి మా ఇంటామె, "మన శ్రీరాంపూర్ల ఇప్పుడు బాల్ ఆడే పోరగాళ్లు ఎందరున్నరు?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. చాయ్ పెట్టమన్నాను.

ఆ సాయంత్రానికి కంపెనీ ఎంత పెట్టింది, పెట్టొచ్చా పెట్టకూడదా అని అడగాల్సినవాళ్లు అడిగారు. ఆ తగవులోకి నేను రాను. నేను వేసుకున్న లెక్క ఒక్కటే. తొమ్మిదో నంబరు చొక్కాకు కంపెనీ పేరు ఇచ్చింది. ఇక ఆ చొక్కాలోకి మనిషిని కూడా ఇవ్వాలి. ఆ మనిషి మన కాలనీల నుంచి రావాలి.

మా దిక్కు స్ట్రైకర్ అంటే పెద్దవాళ్లకు సమ్మె గుర్తొస్తుంది, పిల్లలకు క్యారమ్ బోర్డు గుర్తొస్తుంది. 2011 సకల జనుల సమ్మెలో నెల దాటి బాయిలు ఆగినప్పుడు మేమందరం స్ట్రైకర్లమే. మేం ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో ఆ మాట లేదు, సెంటర్ ఫార్వర్డ్ అనేవాళ్లం. ఆయనకు అటూ ఇటూ లెఫ్ట్ ఇన్, రైట్ ఇన్. గీతల పక్కన లెఫ్ట్ అవుట్, రైట్ అవుట్. నేను మా గని జట్టుకు సెంటర్ ఫార్వర్డ్‌ని. గొప్ప ఆటగాణ్ని కాదు. ఉరకడం మాత్రం బాగా ఉరికేవాణ్ని.

1985లో బొగ్గు నింపే తట్టా చెమ్మాస్ పట్టుకుని బాయిలోకి దిగాను. ఫస్ట్ షిఫ్ట్ పడిన వారమే మాకు ఆట. బాయి నుంచి ఎక్కి, స్నానం చేసి, ఇంత తిని మైదానానికి పోతే వెలుతురు ఇంకా ఉండేది. నైట్ షిఫ్ట్ వారమైతే పొద్దున ఇంటికొచ్చి పండుకోవడమే. అందుకే మా జట్టు మూడు వారాలకొకసారి పూర్తిగా కలిసేది. మిగతా రోజుల్లో నేను ఇంటి గోడకు బంతి కొట్టుకునేవాణ్ని. కుడికాలితో వంద, ఎడమకాలితో వంద. గోడ అవతల ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న మనిషి లేచొచ్చి తిట్టేదాకా సాగేది ఆ లెక్క. ఆయన తిట్లు న్యాయమైనవే.

సెంటర్ ఫార్వర్డ్ పని చూసేవాళ్లకు చాలా సులువుగా కనిపిస్తుంది సార్. అందరూ కష్టపడి బంతి తెస్తే చివర్లో ఈయన వచ్చి తన్ని పేరు కొట్టేస్తాడు అనుకుంటారు. మైదానంలో ఉన్నవాడికి సంగతి వేరే. బంతి రాని చోటికి ఉరకాలి, నిన్ను కాచే బ్యాక్ నీ వెంట పడి తన చోటు ఖాళీ చేయాలి, ఆ ఖాళీలోకి మనవాడు ఇంకొకడు రావాలి. గోల్ వాడిది, ఉరుకు నీది. ఆఫ్‌సైడ్ పడకుండా ఆఖరి బ్యాక్ భుజం పక్కన నిలబడాలి, బంతి వదిలిన క్షణాన కదలాలి. అర అడుగు ముందైతే జెండా లేస్తుంది, అర అడుగు వెనకైతే బంతి పోతుంది. ఇట్లా పదిహేను సార్లు ఉరికితే ఒక్కసారి బంతి కాలికి వస్తుంది. ఏ సారి వస్తుందో తెలియదు కనుక పదిహేనోసారి కూడా మొదటిసారి లెక్కనే ఉరకాలి. వీపు గోల్ వైపు పెట్టి, వెనక నుంచి మోకాళ్లతో పొడుస్తున్న మనిషిని ఆపుకుంటూ, బంతిని మెత్తగా దించుకోవాలి. ఇవేవీ స్కోరులో రాయరు.

బాయి సంగతీ అంతే కదా. డ్రిల్లు వేసేవాళ్లు, మందు పెట్టేవాళ్లు, కప్పుకు దిమ్మెలు ఆనించేవాళ్లు, హాలర్ తాడు చూసేవాళ్లు. పైన రాసేది మాత్రం ఎన్ని టబ్బులు ఎక్కాయనే.

నా ఆటలో ఒక సంగతి మీకు చెప్పాలి, నవ్వుకోవడానికైనా. గనుల మధ్య పోటీలో ఒకసారి గోలీ పడిపోయి ఉన్నాడు, ముందు ఖాళీ గోల్, బంతి నా కాళ్ల దగ్గర. పైకి తన్నాను. బంతి మైదానం దాటి వేపచెట్టు మీద పడింది. ఆట ఓడిపోయాం. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఆ తర్వాత నెల రోజులు క్యాంటీన్‌లో ఎవడో ఒకడు చాయ్ గ్లాసు పట్టుకుని నా ఎదుట కూర్చునేవాడు, "అన్నా, గోల్ ఎన్ని ఫీట్లు ఉంటదే?" అని అడిగేవాడు. ఆ నెలలోనే నాకు ఈ పని గుట్టు తెలిసింది. తప్పిన గోల్‌ను మనసులో మోస్తూ తర్వాతి ఆటలో మళ్లీ అదే చోటికి ఉరకగలిగినవాడే సెంటర్ ఫార్వర్డ్. బ్యాక్‌ తప్పు చేస్తే వెనక గోలీ ఉంటాడు. మా తప్పుకు వెనక ఎవరూ ఉండరు, వేపచెట్టు తప్ప.

ఇక నా సంగతి చాలు. ఈ పనినే బతుకుతెరువుగా ఎంచుకుని గెలిచిన ఒక ఆడపిల్ల మన రాష్ట్రంలోనే ఉంది. గుగులోత్ సౌమ్య. 2001లో పుట్టింది. మనకు గోదావరి ఎగువన ఉన్న నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. మొదట పరుగు పందేలు. ఆ పరుగు చూసిన కోచ్ ఆమెను బంతి వైపు మళ్లించారు. తెలంగాణ నుంచి సీనియర్ మహిళల భారత జట్టుకు ఆడిన తొలి అమ్మాయిగా ఆమె పేరు చెబుతారు. ఫార్వర్డ్. ఎక్కువగా అంచున ఆడుతుంది, అక్కణ్నించి లోపలికి కోసుకుంటూ వస్తుంది.

2022లో గోకులం కేరళ క్లబ్బులో ఉంది. అదే ఏడాది జ్యోతి చౌహాన్ అనే ఇంకో భారత ఆటగత్తెతో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు సంతకం చేసింది. మోడ్రిచ్ ఎదిగిన క్లబ్బు అది. తండా నుంచి జాగ్రెబ్ ఎంత దూరమో పటం మీద కొలిచి చెప్పొచ్చు. ఆ చలిలో, తెలియని భాషలో, బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూసే పిల్లకు ఎంత దూరమో కొలవలేం. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీ మీద ఆమె కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ క్లబ్బుకు జాతీయ లీగ్ కిరీటం రావడం 21 ఏళ్ల తర్వాత అదే. ఆ మరుసటి నెలలోనే జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఆ ఏటి మేటి మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంచింది. జూలైలో థాయ్‌లాండ్‌లో ఆడిన భారత జట్టులోనూ ఆమె ఉంది. ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి, అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌లో అడుగుపెట్టడం మన అమ్మాయిలకు అదే మొదలు.

సార్, మీరు గమనించారో లేదో, ఈ కథలో మన రాష్ట్రం మొదటి వాక్యంలో ఉంది. తర్వాత కేరళ, క్రొయేషియా, బెంగాల్. పిల్ల మనది, చొక్కా ఇంకొకరిది.

ఇది కొత్త కథ కూడా కాదు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో తులసీదాస్ బలరామ్ పుట్టాడు. పేదింటి పిల్లాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కంటపడ్డాడు. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1961లో అక్కడ కెప్టెన్ అయి లీగ్ గెలిపించాడు. అరవై నాలుగేళ్ల తర్వాత సౌమ్య తొడుక్కున్నదీ అదే ఎరుపు, పసుపు చొక్కా.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు మూడు ఆటల్లో మూడు గోల్స్ కొట్టారు. హంగరీ మీద ఒకటి బలరామ్ కొట్టాడు, ఫ్రాన్స్ మీద ఒకటి పి.కె. బెనర్జీ, పెరూ మీద ఒకటి మళ్లీ బలరామ్. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. అంటే ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఈ దేశం కొట్టిన ఆఖరి గోల్ ఇప్పటికీ అమ్ముగూడ పిల్లాడిదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ అతనున్నాడు. ఆ మరుసటి ఏడు ఆట ఆగిపోయింది. ప్లూరసీ, ఊపిరితిత్తుల పొరకు వచ్చే జబ్బు. అప్పటికి అతని వయసు ఇరవై ఏడుకు అటూ ఇటూ. ఊపిరి సరిగ్గా ఆడకపోతే మనిషి ఏమవుతాడో బొగ్గు బాయి దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు. మిగతా బతుకంతా బెంగాల్‌లోనే గడిచింది.

ఇరవై ఏడు దగ్గర ఒక్క క్షణం ఆగండి సార్. మన దగ్గర ఆ వయసు పిల్లాడికి డిపెండెంట్ ఉద్యోగం వచ్చి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది, ఇంకా ముప్పై నాలుగేళ్ల సర్వీసు ముందుంటుంది. ఫార్వర్డ్‌కు అప్పటికి అయిపోవచ్చు. మోకాలి లోపల ఒక లిగమెంట్ తెగినా అంతే, చీలమండ ఒకసారి తిరగబడినా అంతే. సునీల్ ఛెత్రీ లాగా నలభై దాకా లాగేవాళ్లు తరానికి ఒకరుంటారు. ఆయన కూడా పుట్టింది సికింద్రాబాద్‌లోనే, 1984లో, తండ్రి సైన్యంలో ఉండగా. దేశానికి 95 గోల్స్. తిండి, నిద్ర గడియారం పెట్టి నడుపుకున్న మనిషి కనుక అంత కాలం నిలిచాడు. అందరికీ ఆ ఒళ్లు రాదు, ఆ అదృష్టమూ రాదు.

అందుకే రహీం సాబ్ కాలంలో హైదరాబాద్ సిటీ పోలీసు చేసిన పని నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఆటగాళ్లకు ముందు నౌకరీ ఇచ్చారు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, సాయంత్రం మైదానానికి పోవడానికి వీలుంటుంది, ఆట అయిపోయినా ఇల్లు గడుస్తుంది. ఆ ధీమాతో ఆడిన జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్ అంతటి జట్టును 1950లో ఓడించింది. దొంగల్ని పట్టే శాఖకు ఫుట్‌బాల్ ఎందుకని అప్పుడూ ఎవరో అడిగే ఉంటారు. 1963లో రహీం సాబ్ పోయారు, ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా సద్దుమణిగింది. ఒక్క మనిషి మీద నిలబడినది ఆ మనిషితోనే పోయింది.

బొగ్గు తవ్వే కంపెనీకి ఫుట్‌బాల్ ఎందుకని ఇప్పుడు మిమ్మల్నీ అడుగుతారు. గోవాలో ఇనుప ఖనిజం తవ్విన కంపెనీలు చేసి చూపించాయని చెప్పండి. డెంపో, సల్గావ్‌కర్ రెండూ గనుల యజమానుల జట్లే. డెంపో ఐదుసార్లు జాతీయ లీగ్ గెలిచింది. సల్గావ్‌కర్ 1998-99లో గెలిచినప్పుడు కోచ్ ఎవరో తెలుసా? మన హైదరాబాద్ షబ్బీర్ అలీ. 1974లో ఆసియా యువ ఛాంపియన్‌షిప్‌ను ఇరాన్‌తో పంచుకున్న భారత జట్టుకు ఆయనే కెప్టెన్, సెంటర్ ఫార్వర్డ్‌గా దేశమంతా మెచ్చిన మనిషి. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కువాళ్లు 1987లో అకాడమీ పెట్టారు. అక్కణ్నించి భారత జట్టుకు వెళ్లినవాళ్ల పేర్లు రాస్తే ఈ ఉత్తరం పట్టదు. యుక్రెయిన్‌లో షాఖ్తార్ దొనెత్స్క్ అని పెద్ద జట్టుంది, షాఖ్తార్ అంటేనే గని కార్మికుడు. జర్మనీలో షాల్కె క్లబ్బును అక్కడి జనం గనిమనుషుల జట్టనే పిలుస్తారు. వాళ్ల ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని బొగ్గు సొరంగంలాగే కట్టారు. జర్మనీలో ఆఖరి నల్లబొగ్గు బాయి 2018 డిసెంబర్‌లో మూతపడింది. షాల్కె ఆట మాత్రం ఇంకా సాగుతోంది. మన బొగ్గు కూడా ఒకనాటికి ఒడుస్తుంది సార్, మీకు తెలియనిదా.

పైసల మాట కూడా అనుకుందాం, ఎందుకంటే పిల్లల తల్లిదండ్రులు ముందు అడిగేది అదే. మహిళల లీగ్‌లో పై వరస క్లబ్బులు కనీసం పది మంది ఆటగత్తెలకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. దేశంలో అన్నిటికన్నా పై మెట్టు అది. మన దగ్గర కొత్తగా చేరిన జనరల్ మజ్దూర్‌ జీతం ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బాయిలో పనిచేసే తండ్రి తన బిడ్డను బంతి వెనక ఎందుకు పంపడో మీకే తెలుస్తుంది. అతణ్ని తప్పుపట్టలేం. నేనూ నా కొడుకును పంపలేదు. వాడికి కాలు ఉంది, చూపు ఉంది, నాకంటే మంచి ఫార్వర్డ్ అయ్యేవాడు. "ఐటీఐ చెయ్" అన్నాను. చేశాడు. ఇప్పుడు ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాదు.

2024 డిసెంబర్ 31న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ. అదనపు నిమిషాల్లో రోబీ హాన్స్‌డా అనే కుర్రాడు గోల్ కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. ఆ పోటీలో అతనివి మొత్తం 12 గోల్స్. ఆదివాసీ పిల్లాడు, బీద కుటుంబం. ఆట మన గడ్డ మీద జరిగింది, చప్పట్లు మనం కొట్టాం. ఇంటికి వెళ్లాక ఆ జట్టు ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ప్రకటించింది మాత్రం బెంగాల్ ప్రభుత్వం. ఆ పని మనకు చేతకాదా? చేసింది మనవాళ్లే, డెబ్బై ఐదేళ్ల కింద.

ఇప్పుడు అడిగేది అడుగుతాను.

పోటీలు వచ్చిన వారం రోజులే బంతి బయటికి తీస్తే ఫార్వర్డ్ తయారు కాదు. బొగ్గు లెక్కనే అది కూడా రోజువారీ పని. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం, ఏ ఏరియా అయినా సరే, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఏడాది పొడుగునా నేర్పే కోచ్‌ను నెల జీతం మీద పెట్టండి. లైసెన్సు ఉన్న మనిషిని పెట్టండి. మా వంటి ముసలివాళ్లం బంతులు మోయడానికి, క్రాసులు వేయడానికి వస్తాం, జీతం వద్దు. ఆ పిల్లల్లో సగం మంది ఆడపిల్లలు ఉండాలని ముందే రాయండి. రాయకపోతే ఉండరు. 2019 నుంచి భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు దిగడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. మన బాయిల్లో ఆడపిల్లలు క్యాప్ ల్యాంప్ పెట్టుకుంటున్నారు. ఈ పిల్లలు నిక్కరు వేసుకుని మైదానంలో ఉరికితే కాలనీ ఏమంటుందోనన్న భయం ఇంకా ఏం మిగిలింది? మిగిలినా కంపెనీ వెనక నిలబడితే వారంలో పోతుంది. కాలనీ నోరు నాకు తెలుసు.

ఈ పిల్లల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్లకు తేలినవాళ్లను ఏడాదికి నలుగురైదుగురిని తీసుకోండి. ఇరవై మూడు దాకా స్టైపెండ్ ఇవ్వండి, చదువు సాగనివ్వండి, క్లబ్బులు పిలిస్తే పంపండి. మోకాలు పోయి తిరిగొస్తే కంపెనీలో పని ఇస్తామని ముందే కాగితం మీద రాసివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం ఈ ఆఖరి కాగితమే. అది జేబులో ఉన్న పిల్ల పదిహేనోసారి కూడా ఉరుకుతుంది. అది లేని పిల్ల కాలు కాపాడుకుంటూ ఆడుతుంది, కాలు కాపాడుకునే ఫార్వర్డ్ ఎవరికీ పనికిరాదు. ఫార్వర్డ్‌ల గురించే రాస్తున్నానని మా జట్టు పాత గోలీ నన్ను ఇప్పటికే తిట్టాడు. గోలీలను కూడా తీసుకోండి సార్, లేకపోతే వాడు నాతో మాట్లాడడు.

ఆదివారం డ్యూటీని మన కంపెనీలో ప్లేడే అంటాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు కానీ, పేరులో ఆట ఉండి పని చేయించే రోజు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ప్లేడే పడితే రెట్టింపు జీతం. అందుకోసం మేం కొట్లాడుకున్నాం కూడా. ఇన్నేళ్లలో ఎన్ని ప్లేడేలు చేశానో లెక్కలేదు. వాటిలో సగమైనా మైదానంలో గడిపి ఉంటే ఆ వేపచెట్టు మీదికి బంతి పోయేది కాదేమో. పెద్దవాళ్ల ప్లేడే పెద్దవాళ్లకు ఉండనివ్వండి. ఆదివారం పొద్దున ఇక్కడి ప్రగతి మైదానాన్ని పిల్లల ప్లేడే చేయండి, ఏ సభకూ ఏ మీటింగుకూ ఇవ్వకుండా.

కంపెనీ 1920 డిసెంబర్ 23న ఏర్పడింది. ఏటా ఆ రోజు జెండా ఎగరేస్తాం, సన్మానాలు చేస్తాం. మెస్సీ ఆట అయిన పది రోజులకే ఆ పండుగ వచ్చింది, పోయింది. వచ్చే డిసెంబర్ 23న శ్రీరాంపూర్‌కు రండి. సభ పెట్టొద్దు, ఉపన్యాసాలు వద్దు. సాయంత్రం నాలుగు గంటలకు మైదానం గీత దగ్గర ఒక కుర్చీ వేస్తాం. కంపెనీ పేరుతో, తొమ్మిదో నంబరుతో ఒక చొక్కా తీసుకురండి. సైజు మాత్రం చూసుకుని కుట్టించండి సార్. మా వాడలో ఇప్పుడు గోడకు బంతి కొడుతున్న అమ్మాయికి పదకొండేళ్లు.

ఇట్లు,
ఒక రిటైర్డు కోల్ ఫిల్లర్, పాత సెంటర్ ఫార్వర్డ్
శ్రీరాంపూర్, మంచిర్యాల జిల్లా